ఆరుతడి

ఏప్రిల్ నెలాఖరులో మండపేట నుంచి ద్వారపూడి వెళ్లే రోడ్డు సగమే రోడ్డు, మిగతా సగం కళ్లం. రెండో పంట దాళ్వా కోతలు ఊపందుకున్నాక మిషను కోసిన ధాన్యం తిన్నగా తారు మీదికి చేరుతుంది. అంచుల్లో రాళ్లు పేర్చి, పక్కన బరకాలు మడతపెట్టి, తలకు తువ్వాలు చుట్టుకున్న మనుషులు గంటకోసారి ఆ గింజల్లో కాళ్లు ఈడుస్తూ నడుస్తారు. అలా నడిస్తే సాళ్లు పడి అడుగు గింజ పైకొస్తుంది. చిన్నప్పుడు ఆ పని నాకు అప్పగించేవారు. మొదటి రోజు ధాన్యం అరికాళ్లకు చల్లగా, బరువుగా, కాస్త అంటుకుంటున్నట్టు తగిలేది. మూడో రోజుకు గలగలమంటూ వేళ్ల సందుల్లోంచి జారిపోయేది. మొదటి రోజుకీ మూడో రోజుకీ మధ్య పోయింది నీరేనని పాదాలకు తెలిసింది గానీ, బుర్రకు ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు ఆ తేడాకు ఒక అంకె ఉంది: 17. తేమ 17 శాతం దాటిందంటే కొనుగోలు దగ్గర బేరం మారిపోతుంది. ‘ఇంకో రెండ్రోజులు ఎండబెట్టుకు రండి’ అంటారు, లేదా బస్తాకిన్ని కిలోలని తరుగు తీస్తారు. కోసిన రోజున 22 శాతం తేమున్న 75 కిలోల బస్తా, 17కు దిగేసరికి 70న్నర కిలోలే తూగుతుంది. తక్కిన నాలుగున్నర కిలోల నీరు ఎవరూ మోయకుండానే, ఎవరి కంటా పడకుండానే రోడ్డు మీంచి లేచిపోయింది. ఎకరానికి 45 బస్తాలు పండితే 200 లీటర్లు, నిండు డ్రమ్ము. మా రెండెకరాల ధాన్యంలోంచి ప్రతి దాళ్వాకీ రెండు డ్రమ్ముల నీళ్లు ఆకాశానికి వెళ్లేవి. మేము అందుకోసమే మూడు రోజులు కాపలా కాసేవాళ్లం.

రోడ్డుకు అవతల, బోదె దాటగానే, ఆలస్యంగా ఊడ్చిన చేలు ఇంకా పాలు పోసుకుంటూ ఉండేవి. కాలువలు కట్టేసే రోజు దగ్గరపడుతుండేది. నాన్న రోడ్డు మీద నిలబడి గుప్పెడు గింజలు తీసి, ‘ఇవాళ ఎండ బాగా కాసింది’ అని సంతోషపడేవారు. అదే నిమిషంలో చేను వైపు తిరిగి, ‘ఇదేం ఎండరా అబ్బాయ్, తడి మొత్తం లాగేస్తోంది’ అని దిగులుపడేవారు. రోడ్డు మీద ఆరాలి, చేలో ఆరకూడదు. ఇరవై అడుగుల దూరంలో ఒకే సూర్యుడికి రెండు మొక్కులు. నేను పెద్దయ్యాక మొక్కల గురించి చదివిందంతా ఆ ఇరవై అడుగులను అర్థం చేసుకోవడానికేనని ఇప్పుడు అనిపిస్తుంది.

నీరు ఆవిరవడానికి మరగనక్కర్లేదు. నీటి అణువులన్నీ ఒకే వేగంతో ఉండవు. పైపొరకు చేరి, పక్కవాటి పట్టు తెంచుకునేంత జోరున్నవి గాలిలోకి లేచిపోతాయి. జోరైనవి పోగా మిగిలినవి నెమ్మదివి. అందుకే మిగిలిన నీరు చల్లబడుతుంది. వేసవి రాగానే మామ్మ వసారాలో ఓ మూల ఇసుక పోసి, తడిపి, దానిమీద కొత్త కుండ కూర్చోబెట్టేది. కుండ ఒంటినిండా కంటికి ఆనని సన్న రంధ్రాలు. వాటిలోంచి నీరు చెమరుస్తుంది. ఆ చెమట ఆరుతూ లోపలి నీటిలోని వేడిని తనతో పట్టుకుపోతుంది. ఆ వేడి కొంచెమేమీ కాదు. ఒక్క లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు తీసుకునే వేడితో మన వేసవి నీళ్లు ఎనిమిది లీటర్లు మరిగేదాకా కాచుకోవచ్చు. కిందటేటి కుండ చల్లబడదని మామ్మ ఏటా కొత్తది కొనేది. నీళ్లలోని ఉప్పులు పేరుకుని రంధ్రాలు పూడుకుపోయాక కుండకు చెమట పట్టదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. కుండ ఒంటిమీద అరచెయ్యి ఆనించి చూసి చెప్పేసేది.

అయితే మామ్మ కుండ కూడా ఓడిపోయే రోజులుండేవి. మాది సముద్రానికి మరీ దూరం కాని నేల. చుట్టూ కాలువలు, చేలు, చెరువులు, కొబ్బరితోటలు. కొన్ని మధ్యాహ్నాలు గాలి కడుపునిండా నీళ్లు తాగి కదలకుండా కూర్చుంటుంది. ఇటునుంచి ఎన్ని అణువులు లేస్తే అటునుంచి దాదాపు అన్నీ తిరిగొచ్చి వాలతాయి. చెమట పడుతుంది, ఆరదు. ఆ స్థితికి మనవాళ్లు ‘ఉక్క’ అని ఒక్క ముక్కలో పేరు పెట్టారు. అనంతపురంలో ఉద్యోగం చేసిన మా మేనమామ వేసవి సెలవులకు వచ్చి, ‘అక్కడ నలభై రెండు డిగ్రీలైనా నీడపట్టున బతికేయొచ్చే అక్కా, ఇక్కడ ముప్పై ఆరుకే ప్రాణం పోతోంది’ అని అమ్మ దగ్గర వాపోయేవాడు. అక్కడి పొడిగాలిలో చెమట పుట్టీపుట్టగానే ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఇక్కడ ఆ దారి మూసుకుపోతుంది. మనిషిని ఇంత సతాయించే ఈ ఉక్కే కొన్ని మొక్కలకు ప్రాణరక్ష. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

మొక్క చిక్కు మనిషి చిక్కు కన్నా పెద్దది. దానికి అన్నం తినే నోరూ, చెమట పోసే రంధ్రమూ ఒకటే. ఆకు మీద, ముఖ్యంగా అడుగువైపు, సన్నటి తలుపుల్లాంటి పత్రరంధ్రాలుంటాయి. ఎండలో వంట చేసుకోవాలంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావాలి. అది రావాలంటే తలుపు తియ్యాలి. తలుపు తీసిన మరుక్షణం లోపలి తడి బయటికి పరుగెడుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ చాలా పలచన, ఆకులోపల తడి చాలా చిక్కన. కాబట్టి బేరం ఎప్పుడూ మొక్కకు నష్టమే. ఒక్క అణువు లోపలికి రాబట్టుకోవడానికి వరిలాంటి మొక్క వందల కొద్దీ నీటి అణువులు వదులుకుంటుంది. ఆ రంధ్రాలన్నీ కలిపి కొలిచినా ఆకు వైశాల్యంలో ఒకటి రెండు శాతం మించవు. మిగతా ఒంటికంతా మైనపు పూత, పాఠ్యపుస్తకాల్లో అవభాసిని అంటారు. అరిటాకు మీద నీళ్లు చిలకరిస్తే ముత్యాల్లా దొర్లిపోయేది ఆ పూత వల్లే. ఇంత కట్టుదిట్టం చేసుకున్నా, వేరు తాగిన నీటిలో మొక్క తన ఒంట్లో మిగుల్చుకునేది నూటికి నాలుగైదు పాళ్లు దాటదు. 1724లో ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు కుండీలో పొద్దుతిరుగుడు మొక్కను పెంచి, మట్టికి మూత బిగించి, రోజూ తూకం వేసి చూశాడు. పరిమాణంతో పోలిస్తే అది మనిషి కన్నా 17 రెట్లు ఎక్కువ చెమటోడుస్తోందని లెక్క తేల్చాడు. తక్కెడ ఒక్కటే ఆయన పనిముట్టు. తరుగు లెక్క తెలిసిన మా ఊరివాళ్లకు ఆయన చప్పున అర్థమవుతాడు.

ఈ తలుపులకు కాపలా రెండు కణాలు. లోపలికి పొటాషియం చేరితే నీరు దాని వెంట వస్తుంది. కణాలు ఉబ్బి, వంగి, మధ్యలో సందు తెరుచుకుంటుంది. పొటాషియం బయటికి పోతే కణాలు వాలిపోయి తలుపు పడుతుంది. అంకురం దశలో మనం చేలో చల్లే పొటాష్‌లో కొంత ఈ తలుపు గడియకే ఖర్చవుతుందని తెలిసిన రోజు నాకు చెప్పలేనంత ఆనందం వేసింది. నేల ఆరుతోందంటే ఆకు వాడేదాకా మొక్క ఆగదు. వేరు దగ్గరే అబ్సిసిక్ ఆమ్లమనే పదార్థం తయారై, నీటితోపాటే పైకి కబురుగా వెళ్తుంది. ఆ కబురు అందగానే కాపలా కణాలు గడియ వేస్తాయి. కాలువలో నీటిమట్టం తగ్గుతోందని లాకుల దగ్గరి నుంచి ముందే కబురొచ్చినట్టు.

పోయే నీరంతా దండగ కాదు. మా పెరట్లో కొబ్బరిచెట్టు అరవై అడుగులు ఉంటుంది. చేలో నీళ్లు పది అడుగులు ఎత్తాలంటే మోటారు పెట్టి కరెంటు కోసం ఎదురుచూస్తాం. చెట్టుకి ఏ మోటారూ లేదు. పైన ఆకులోంచి ఒక అణువు ఆవిరైపోతూ వెనక ఉన్న అణువును లాగుతుంది, అది దాని వెనకదాన్ని. నీటి అణువులు ఒకదాన్నొకటి వదలవు కాబట్టి వేరు దాకా ఒకే తాడులా సాగుతుంది. 1894లో డిక్సన్, జోలీ అనే ఇద్దరు ఐరిష్ శాస్త్రజ్ఞులు ఈ మాట చెప్పారు. ఆవిరే చెట్టుకు చేద. నేలలోని పోషకాలు ఆ తాడు పట్టుకునే పైకెక్కుతాయి. ఎండలో ఆకు మాడిపోకుండా చల్లబరిచేదీ ఆ ఆవిరే. అందుకే నీరు అసలు పోకుండా ఆపేద్దామని ఏ మొక్కా అనుకోదు. ఎప్పుడు వదలాలో, ఎంత వదలాలో చూసుకుంటుంది.

ఆ చూసుకోవడంలో ఒక్కొక్కదానిదీ ఒక్కో తీరు. మా ప్రహరీ పక్కన గన్నేరు ఉంది. దేవుడికి పూలు కోయడం తప్ప దానికి మేం చేసింది లేదు, నీళ్లు పోసిన గుర్తూ లేదు. దాని ఆకు తిరగేసి భూతద్దంలో చూడండి. అడుగున చిన్నచిన్న గుంటలు, గుంటల నిండా నూగు కనపడతాయి. పత్రరంధ్రాలు ఆ గుంటల అడుగున దాక్కుని ఉంటాయి. లోపల్నుంచి వచ్చిన తడి బయటికి ఒక్కసారి పోలేక ఆ నూగులో చిక్కుకుంటుంది. గుంటలోని గాలి తడితో బరువెక్కుతుంది. అంటే గన్నేరు తన ఆకు కింద తనకోసం ఉక్కపోత చేసుకుంటోంది! బయట వడగాలి ఎంత వీచినా గుంటలో గాలి కదలదు. చెమట ఆరక మనం విసనకర్ర వెతుక్కునే స్థితిని అది ఇల్లుగా కట్టుకుంది. సముద్రపు ఒడ్డున ఇసుకలో పెరిగే సరుగుడు చేసేదీ ఇంచుమించు ఇదే. దానికి ఆకులున్నాయంటే ఉన్నాయి, పొలుసుల్లా. ఆకుపని చేసే పచ్చటి పుల్లల మీద సన్నటి చాళ్లుంటాయి, రంధ్రాలు వాటిలోనే దాగుంటాయి.

అరటి తీరు అందరికీ కనపడేదే. రావులపాలెం వైపు తోటల్లో మిట్టమధ్యాహ్నం చూస్తే ఆకు రెండు రెక్కలూ నడిమి ఈనెకు రెండు వైపులా కిందికి వాలి ఉంటాయి. సాయంత్రానికి మళ్లీ చాపలా పరుచుకుంటాయి. ఎండకు ఎదురు నిలబడడం కన్నా ఒరిగి తప్పుకోవడం మేలని దానికి తెలుసు.

ఇక గుమ్మానికి దిష్టికని తలకిందులుగా వేలాడదీసే కలబంద. మట్టి లేదు, నీళ్లు లేవు, నెలల తరబడి బతుకుతుంది. కొన్నిళ్లలో ఆ వేలాట్టంలోనే కొన పైకి తిప్పుకుని పూలుకూడా పూస్తుంది. చిన్నప్పుడు దానిలో ఏదో మహిమ ఉందనుకునేవాణ్ణి. ఇప్పుడూ అనుకుంటాను, కాకపోతే ఆ మహిమ ఎక్కడుందో తెలిసింది. అది పగలంతా తలుపులు బిగించుకుని, ఊరు నిద్రపోయి గాలి చల్లబడి తేమెక్కాక అప్పుడు తెరుస్తుంది. రాత్రి లోపలికి రాబట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లవారి ఎండ రాగానే తలుపులు మూసుకుని, దాచింది బయటికి తీసి వంట చేసుకుంటుంది. వరి పోగొట్టుకునే నీటిలో అయిదో వంతుతో, ఒక్కోసారి అంతకన్నా తక్కువతో అదే తిండి సంపాదిస్తుంది. అందుకు మూల్యం నెమ్మదిగా పెరగడం.

కడియపులంక నర్సరీల్లో ఈ లెక్క చేతివేళ్లకు తెలుసు. ఒకసారి లారీకి ఎక్కించబోతున్న పెద్ద చెట్టుకు ఒకావిడ కత్తెరతో ఆకు మొత్తం కత్తిరించేస్తోంది. అంత పచ్చటి ఆకును అలా రాలుస్తుంటే ప్రాణం ఉసూరుమని, ‘ఎందుకమ్మా, పాపం’ అన్నాను. ఆవిడ తలెత్తకుండానే, ‘ఆకుంచితే చెట్టు పోద్దండి. ఏరు తెగింది కదండీ, తాగేది లేదు, వదిలేది ఎక్కువ’ అంది. తవ్వి తీసినప్పుడు నీళ్లు పీల్చే సన్నవేళ్లు మట్టిలోనే తెగిపోతాయి. రాబడి తెగినప్పుడు ఖర్చు ఉన్నట్టే ఉంటే లారీ ఊరు చేరేలోపే చెట్టు ఎండుతుంది. ఆకులు నీటిని ఆవిరిగా వదిలే ఈ బాష్పోత్సేకం గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంత తక్కువ మాటల్లో ఇంత సరిగ్గా చెప్పిన వాక్యం లేదు.

వరికి ఈ పొదుపులేవీ పెద్దగా రావు. చిత్తడిలో పుట్టి, మడిలో పెరిగిన మొక్క. ఉన్నప్పుడు దండిగా తాగి దండిగా వదలడమే దాని అలవాటు. తెల్లవారుజామున గట్టు మీద నడిస్తే ప్రతి ఆకు కొనా ఒక్కొక్క బొట్టు పట్టుకుని ఉంటుంది. చాలామంది దాన్ని మంచు అంటారు. మంచైతే ఆకంతా పట్టాలి, కొనకే ఎందుకు? రాత్రి తలుపులు మూసి ఉన్నప్పుడు కూడా వేరు నీటిని పైకి నెడుతూనే ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువుండి అది ఆవిరవడానికి దారిలేక కొన దగ్గరి రంధ్రంలోంచి బొట్టుగా బయటపడుతుంది. బిందుస్రావం అని పాఠంలో ఉంది. నాన్న ఆ మాట ఎన్నడూ వినలేదు గానీ, పొద్దున్నే చేనుకెళ్లి ముందు చూసేది ఆకు కొనలే. బొట్టుంటే వేరుకు తడి అందుతున్నట్టు. లేకపోతే ఆ రోజు నీటికోసం ఎవరి గుమ్మమో ఎక్కాలి.

దాహమేస్తే వరి పైకి కనపడేలా చేసే పని ఒక్కటే: ఆకును నిలువునా చుట్టుకుని సూదిలా అవుతుంది. ఎండకు తగిలే మేర తగ్గించుకుంటుంది. ఆకుముడత పురుగుదీ చుట్టడమే కనుక కొత్తవాళ్లు కంగారుపడి మందు కొట్టేస్తారు. ‘పురుగు చుట్టిన ఆకు విప్పి చూడు, లోపల గీరి తెల్లచారలుంటాయి. దాహానికి చుట్టింది సాయంత్రం దానంతటదే విచ్చుకుంటుంది. మందు కొట్టేముందు సాయంత్రం దాకా ఆగు’ అని నాన్న నాకు నేర్పారు. ఆ ఒక్క మాట ఎన్ని డబ్బాల మందును చేలో పడకుండా ఆపిందో.

వరి పక్కనే మినుమును పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. రెండో పంటకు నీరు రాని భూముల్లో తొలి పంట సార్వా కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న వరిలోనే మినుములు చల్లేస్తారు. ఇక ఆ పైరుకు ఎవరూ నీరు పెట్టరు. మాగాణి అడుగున మిగిలిన తడితో, రాత్రి పడే మంచుతో పండి కాయ కాస్తుంది. దాని ఆకుల మీద నూగు. ఎండ ముదిరేసరికి ఆకు అంచును సూర్యుడికి చూపించేలా తిరుగుతుంది. ఒకే మట్టి, ఒకే రైతు.

దాళ్వాలో కాలువ నీటి వంతుల రాత్రులు నాకు బాగా గుర్తు. ధవళేశ్వరం దగ్గర గోదావరిలో సహజంగా వచ్చే నీరు తగ్గిపోతే సీలేరు నుంచి వదిలే నీటి మీద ఆశ పెట్టుకునేవాళ్లం. వంతు రాత్రి రెండింటికొస్తే రెండింటికే లేవాలి. నాన్న పార భుజాన వేసుకుని, టార్చిలైటు నా చేతికిచ్చి బయల్దేరేవారు. ఎగువన ఎవరో గండి కొట్టుకున్నారని, కట్టిన మట్టి తీసేశారని తగాదాలు, అరుపులు. ఏళ్ల తరబడి మాటల్లేని ఇళ్లున్నాయి ఆ రాత్రుల వల్ల. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టాలో నీటి లెక్కంతా కాలువ లెక్కే. ఎన్ని క్యూసెక్కులు వదిలారు, ఎవరి దాకా వచ్చింది, ఎవరు తినేశారు.

పైకి పోయేదాని లెక్క నేను తర్వాతెప్పుడో కాగితం మీద వేసుకున్నాను. ఎండలు ముదిరిన దాళ్వా చేలో నీటి మీంచీ ఆకుల మీంచీ కలిపి రోజుకు ఆరు మిల్లీమీటర్లు ఆవిరవడం మామూలే. ఎకరానికది 24,000 లీటర్లకు పైన. డెల్టాలోని పది లక్షల ఎకరాలూ పచ్చగా ఉన్న రోజనుకుంటే, ఆ ఆవిరి దాదాపు పదివేల క్యూసెక్కుల ప్రవాహంతో సమానం. అంత పెద్ద కాలువ మా నెత్తిమీదుగా, చప్పుడు లేకుండా, లాకుల్లేకుండా పైకి పారుతోంది. మేము గట్టు మీద నిలబడి బిందెడు నీళ్ల కోసం ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నాం. లెక్క కట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందులో ఆకులోంచి పోయేదాన్ని ఆపకూడదు, అది పంట తిండి. ఆపగలిగింది నిలవనీటి మీంచి పోయేది, అడుగున ఇంకిపోయేది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన తడి-పొడి పద్ధతి అదే. చేలో ఒక బెజ్జాల గొట్టం పాతి, నీటిమట్టం నేల పైనుంచి 15 సెంటీమీటర్లు కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు మళ్లీ పెట్టడం. పూత దశలో మాత్రం ఆరనివ్వకూడదు. నాన్నకు గొట్టం చూపించి చెబితే కాసేపు దాన్నే చూసి, ‘ఆరుతడి అను, పోతుంది కదా’ అన్నారు. ఆరడం, తడవడం. రెండూ కలిపి ఒకే మాటగా మన రైతులు ఎప్పటినుంచో అంటున్నారు. ఆ ఏడాది ఒక అరెకరంలో చేసి చూశారు, పంట తగ్గలేదు. అయినా చేలో నీరు కనపడకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. ఆ బెంగను నేను తప్పుపట్టలేను. వంతు తప్పితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియని మనిషి మడిని నిండుగా ఉంచుకోవాలనే చూస్తాడు. కాలువ నమ్మకంగా వస్తే తప్ప ఆరుతడి నిలబడదు.

రోడ్డు మీది ధాన్యాన్నీ ఆగి ఆగి ఆరబెట్టాలని మిల్లులవాళ్లు చెబుతారు. మాడే ఎండలో ఒక్కపూటలో ఆరిన గింజ లోపల పగులుతుంది, మరలో వేస్తే నూకవుతుంది. పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపలి తడి ఇంకా బయల్దేరదు, ఆ లాగులాటలో గింజ చీలుతుంది. కేరళకు వెళ్లే బొండాల రకం ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, మళ్లీ ఆరబెట్టి ఉప్పుడు బియ్యం చేసే మా చుట్టుపక్కల మిల్లుల్లో పనితనమంతా ఆ ఆరబెట్టడంలోనే ఉంటుంది. కాబట్టి మిట్టమధ్యాహ్నం గింజను పలచగా పరచరు, మందంగా దగ్గరికి లాగుతారు. సాయంత్రం రాశి పోసి బరకం కప్పుతారు. కప్పకపోతే పగలంతా పోగొట్టుకున్న తడిని ధాన్యం రాత్రి గాలిలోంచి మళ్లీ తాగేస్తుంది.

కిందటి దాళ్వాకు నాన్నకు డెబ్భై తొమ్మిది. తేమ చూసే మిషను తీసుకొస్తానంటే వద్దన్నారు. ఆయనకు మొదటినుంచీ కొరికి చూడడమే అలవాటు. నమిలితే మెత్తగా అణిగిందా, పళ్ల కింద టక్కున విరిగిందా అన్నదే ఆయన అంకె. ఇప్పుడు పళ్లు లేవు. బరకం కప్పబోతుంటే ఆపి, రాశి లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి నాలుగు గింజలు తీసి నా అరచేతిలో పోశారు. నేను నోట్లో వేసుకున్నాను. ఆయన దగ్గరికి వచ్చి, చెవి నా దవడకు దాదాపు ఆనించి నిలబడ్డారు. కొరికాను.

‘ఇంకొక్క ఎండ,’ అన్నారు.